రెండు నెమటోడ్ జాతుల పిండాల్లో జన్యు వ్యక్తీకరణను పోల్చడం ఎలా?

సి. ఎలిగాన్స్, సి. బ్రిగ్సే ('సి.' అంటే సీనోరాబ్డైటిస్) అనే రెండు నెమటోడ్ (నులిపురుగు) జాతుల పిండాలను సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే, ఏళ్ల తరబడి వాటితో పనిచేసినవారు కూడా తటపటాయిస్తారు. కణాలు విడిపోయే వరుస, అవి సర్దుకునే తీరు, ఏ కణం చివరికి ఏ అవయవంలో చేరుతుందన్నది రెండింటిలోనూ దాదాపు ఒకటే. అవే జాతుల డీఎన్‌ఏను పక్కపక్కన పెడితే మాత్రం, జన్యువుల మధ్య ఉండే ప్రాంతాల్లో పోలిక పట్టుకోవడమే కష్టమవుతుంది. రూపం ఇంత స్థిరంగా ఉండగా దాన్ని నడిపించే జన్యువుల వ్యక్తీకరణ, అంటే అవి ఎక్కడ, ఎప్పుడు, ఎంతగా పనిచేస్తాయన్నది, ఎలా మారిందో తెలియాలంటే రెండు జాతుల పిండాల్లోని ఆర్‌ఎన్‌ఏను దశలవారీగా కొలిచి పోల్చాలి. ఆ పని మొదటిసారి చేయబోయే పరిశోధక విద్యార్థి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మీకు అణుజీవశాస్త్ర ప్రయోగాలతో, ఆర్ భాషతో ప్రాథమిక పరిచయం ఉందని అనుకుంటున్నాను.

సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు ఈడూ జోడూ కుదిరిందా అని అడుగుతారు. ఈ పనిలోనూ అడగవలసినవి ఆ రెండే. ఏ వయసు పిండాన్ని ఏ వయసు పిండం పక్కన పెడుతున్నారన్నది ఈడు. ఒక జాతిలోని ఏ జన్యువును రెండో జాతిలోని ఏ జన్యువుతో జతపరుస్తున్నారన్నది జోడు. ఇవి కుదరకపోతే, ఆ తర్వాత ఎంత పటిష్ఠమైన గణాంక పద్ధతి వాడినా, మీ పట్టికలో కనిపించే తేడాల్లో చాలావరకు మీ చేతి నుంచి వచ్చినవే అవుతాయి. అందువల్ల ఎక్కువ చోటు వాటికే కేటాయించి, సీక్వెన్సింగ్ యంత్రం దగ్గర జరిగేదాన్ని త్వరగా దాటేస్తాను.

మొదటి అడుగు: జాతులను ఎంచుకోండి

మొదటి ప్రయత్నానికి సి. ఎలిగాన్స్, సి. బ్రిగ్సే జంటకే కట్టుబడి ఉండమని నా సలహా. సి. ఎలిగాన్స్‌కు ప్రామాణికమైన ఎన్2 వంశాన్ని తీసుకోండి. ఇది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల ఎరువు నుంచి వచ్చింది. సి. బ్రిగ్సేకు ఏఎఫ్16 వంశాన్ని తీసుకోండి. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడే ఈ వంశాన్ని అహ్మదాబాద్ మట్టి నుంచి వేరుచేశారన్నది మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి. రెండు జాతుల్లోనూ ఆరు జతల క్రోమోజోములు, సుమారు 10 కోట్ల క్షారాల జన్యుక్రమం, దాదాపు 20 వేల ప్రోటీన్ జన్యువులు ఉన్నాయి. సి. ఎలిగాన్స్ జన్యుక్రమం 1998లోనూ, సి. బ్రిగ్సే జన్యుక్రమం 2003లోనూ ప్రచురితమయ్యాయి. ఇవి విడిపోయి సుమారు 10 కోట్ల ఏళ్లయిందని 2003లో అంచనా వేశారు. ఉత్పరివర్తనాల రేటును నేరుగా కొలిచాక ఆ అంచనా 2 కోట్ల ఏళ్ల పరిసరాలకు దిగివచ్చింది. కాబట్టి మీ ఫలితాన్ని "ఇన్ని లక్షల ఏళ్లకు ఇంత మార్పు" అన్న లెక్కలో రాయకండి. వంశవృక్షంలోని కొమ్మ పొడవును, అంటే క్రమంలో జరిగిన మార్పుల సంఖ్యను, ఆధారంగా తీసుకోండి.

ఈ రెండు జాతులూ ఉభయలింగులు కావడం మరో సౌకర్యం. స్వయంఫలదీకరణం వల్ల ప్రతి వంశం దాదాపు ఏకరూపంగా ఉంటుంది. సి. రెమనై, సి. బ్రెన్నెరి జాతుల్లో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. అందులోనూ సి. బ్రెన్నెరిలో ఒకే జాతి సభ్యుల మధ్య ఉన్న డీఎన్‌ఏ వైవిధ్యం జంతువులన్నిటిలోనూ అత్యధికమైన వాటిలో ఒకటి. అలాంటి జాతిలో తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి ఎంత భిన్నంగా ఉంటాయంటే, జన్యుక్రమాన్ని కూర్చే సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేరు జన్యువులుగా భావించి విడివిడిగా నమోదు చేసే ప్రమాదం ఉంది. అప్పుడు ఒకే జన్యువుకు చెందిన రీడ్‌లు (సీక్వెన్సింగ్ యంత్రం చదివిన క్రమపు ముక్కలు) రెండు చోట్లకు చీలిపోయి, ఆ జాతిలో వ్యక్తీకరణ సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇలాంటి జాతులు తప్పనిసరైతే చాలా తరాలపాటు అన్నాచెల్లెళ్ల మధ్య సంకరం చేసిన వంశాలనే వాడండి.

దూరపు చుట్టాలను పోల్చాలనే ఉత్సాహం సహజమే. బడి పిల్లలకు మాత్రలు వేయించే నులిపురుగులు, టమాట వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, బోదకాలు పరాన్నజీవి అన్నీ ఈ వర్గానివే కాబట్టి ప్రయోజనమూ ఉంది. కానీ దూరం పెరిగేకొద్దీ ఈడు కుదర్చడం కష్టమవుతుంది. ఉదాహరణకు, పంది పేగుల్లో బతికే ఆస్కారిస్ పిండం తొలి విభజనల్లోనే, దేహకణాలుగా మారే కణాల నుంచి కొన్ని జన్యువులతో సహా డీఎన్‌ఏలో కొంత భాగాన్ని తొలగిస్తుంది. అక్కడ ఒక జన్యువు "వ్యక్తం కాలేదు" అన్న మాటకు, ఆ జన్యువే ఆ కణంలో లేదన్న అర్థమూ ఉండవచ్చు.

రెండో అడుగు: రెండు జాతులనూ ఒకే కప్పు కింద పెంచండి

ఈ పురుగులను పెంచే ఎన్‌జీఎం అగర్ ప్లేట్లు, వాటికి తిండిగా వేసే ఓపీ50 బాక్టీరియా, 20 డిగ్రీల ఇంక్యుబేటర్ రెండు జాతులకూ సరిపోతాయి. సి. బ్రిగ్సే వేడిని మరికాస్త ఎక్కువగా తట్టుకుంటుంది కాబట్టి దానికి "అనుకూలమైన" ఉష్ణోగ్రత వేరుగా పెట్టాలని కొందరు వాదిస్తారు. పోలిక కోసం మాత్రం రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే రోజు పోసిన ప్లేట్ల మీద, ఒకే అరలో పెంచడం మేలు. కనీసం రెండు మూడు తరాలు ఆకలి పడకుండా చూడండి. తల్లి ఆకలి గుడ్డులోని ఆర్‌ఎన్‌ఏలో కనిపిస్తుంది. ఇంక్యుబేటర్ తెరమీద కనిపించే అంకెను నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టుకోండి. వేసవిలో కరెంటు పోయి వచ్చే ఊళ్లలో పనిచేసేవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడో అడుగు: ఈడు కుదర్చండి

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు గడియారాన్ని నమ్ముకున్నాను. రెండు జాతుల నుంచీ నాలుగు కణాల పిండాలను ఏరి, ఒకే సమయానికి మొదలుపెట్టి, గంటకొకసారి సేకరించాను. ఫలితాల పట్టిక నిండా తేడాలే కనిపించాయి, నాకు ఆనందమే కలిగింది. తర్వాత ఆ తేడాలను దగ్గరగా పరిశీలిస్తే, సగానికి పైగా జన్యువులు ఒకే దిక్కుకు, ఒకే మేరకు జరిగి ఉన్నాయి. ఒక జాతి పిండాలు రెండో జాతి పిండాలకంటే కొంచెం ముందు నడుస్తున్నాయి, అంతే. పదేళ్ల పిల్లవాడిని, పన్నెండేళ్ల పిల్లవాడిని పక్కపక్కన నిలబెట్టి రెండు కుటుంబాల ఎత్తు గురించి సిద్ధాంతం చేసినట్టయింది.

అందువల్ల నిమిషాలకు బదులు మైలురాళ్లను ఎంచుకోండి. సి. ఎలిగాన్స్ పిండం 20 డిగ్రీల దగ్గర సుమారు 13, 14 గంటల్లో పొదుగుతుంది. ఈ లోగా 671 కణాలు పుట్టి, వాటిలో 113 ముందే నిర్ణయమైన చావు చచ్చి, 558 మిగులుతాయి. జాన్ సల్‌స్టన్ బృందం 1983లో ఈ కణాల వంశావళి మొత్తాన్ని కంటితో చూసి రాసిపెట్టింది కాబట్టి, మైలురాళ్లకు కొదవ లేదు. నేను వాడేవి ఇవి: నాలుగు కణాల దశ, పేగును ఏర్పరిచే రెండు కణాలు లోపలికి దిగే దశ, అంటే సుమారు 26 నుంచి 28 కణాలున్నప్పుడు, సుమారు 100 కణాల దశ, చర్మకణాలు రెండు వైపుల నుంచి వచ్చి పొట్ట కింద కలుసుకునే దశ, కామా ఆకారపు దశ, శరీరం గుడ్డులో రెండు మడతలయ్యే దశ, చివరగా అప్పుడే పొదిగిన పిల్ల. చర్మం పొట్ట కింద మూసుకునే దశను ఏ పరిస్థితిలోనూ వదలకండి. ఐదు సీనోరాబ్డైటిస్ జాతులను పది దశల్లో పోల్చి 2012లో ప్రచురించిన పరిశోధనలో జాతుల మధ్య వ్యక్తీకరణ అత్యంత దగ్గరగా కనిపించింది ఈ దశలోనే. మీ కొలతలు సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఇది మంచి గీటురాయి.

కంటితో నిర్ణయించిన ఈడుకు కూడా ఒక లోపం ఉంది. చర్మం మూసుకోవడమే ఒక జాతిలో మిగతా అవయవాలకంటే ముందుకు జరిగి ఉంటే, ఆ మైలురాయి దగ్గర పిండాలను జతచేసినప్పుడు మిగతా అవయవాల జన్యువులన్నీ ఆలస్యమైనట్టు కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా రెండోసారి ఈడు లెక్కగట్టండి. ఇప్పటికే అందుబాటులో ఉన్న సి. ఎలిగాన్స్ కాలక్రమ దత్తాంశంతో మీ ఒక్కో నమూనాను సరిపోల్చి దాని వయసును అంచనా వేసే ర్యాప్టర్ వంటి ఆర్ ప్యాకేజీలు ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ముఖ్యం: వయసు లెక్కకు వాడిన జన్యువులనే తేడాల పరీక్షకూ వాడితే, చూడాలనుకున్న తేడాను మీరే ముందుగా చెరిపేసినట్టవుతుంది. జన్యువులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, ఒక భాగంతో వయసు కట్టి, రెండో భాగంలో తేడాలు వెతకండి. తర్వాత భాగాలను అటుదిటు మార్చి మళ్లీ చేయండి.

నాలుగో అడుగు: ఒక్కొక్క పిండాన్నీ చేత్తో ఏరండి

వేల పురుగులను బ్లీచ్, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి గుడ్లను మాత్రం మిగుల్చుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. అందులో వయసులు కలగలిసిపోతాయి, పైగా బ్లీచ్‌ను తట్టుకునే శక్తి రెండు జాతుల్లో ఒకేలా ఉంటుందని ముందే అనుకోకూడదు. ఒక్కో పిండాన్ని విడిగా తీసుకోవడం శ్రమే అయినా, ఈడు విషయంలో రాజీ పడకూడదనుకుంటే వేరే దారి లేదు.

పొట్టలో గుడ్లు వరుసగా పేర్చినట్టు కనిపించే, అప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన ఉభయలింగిని ఎంచుకోండి. బయటికి పెట్టిన గుడ్డులో అప్పటికే సుమారు 30 కణాలుంటాయి కాబట్టి తొలి దశలు తల్లి కడుపులోనే దొరుకుతాయి. పురుగును ఎం9 బఫర్ చుక్కలోకి వదిలి, రెండు సన్నటి ఇంజెక్షన్ సూదులను కత్తెరలా వాడి గుడ్లు బయటికొచ్చే రంధ్రం దగ్గర అడ్డంగా కోయండి. గుడ్లు జారి బయటికొస్తాయి. ఒక్కొక్కటి సుమారు 50 మైక్రోమీటర్ల పొడవు, 30 మైక్రోమీటర్ల వెడల్పు ఉంటుంది. వాటిలో రెండు కణాలున్న దాన్ని వెతికి దానిమీదే చూపు నిలపండి. పెద్దదైన ఏబీ కణం ముందు గుడ్డు పొడవుకు అడ్డంగా సాగి విడిపోతుంది. ఆ క్షణంలో మూడు కణాలుంటాయి. రెండు మూడు నిమిషాల తర్వాత చిన్నదైన పీ1 కణం విడిపోయి, నాలుగు కణాలూ వజ్రం ఆకారంలో సర్దుకుంటాయి. మీ గడియారాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఈ మూడు కణాల క్షణాన్ని కళ్లారా చూసిన పిండానికే నేను నోటుపుస్తకంలో సంఖ్య వేస్తాను. చూడకముందే నాలుగు కణాలుగా ఉన్నదాన్ని వదిలేస్తాను.

కోసిన తల్లి శరీరం నుంచి పేగుల ఆర్‌ఎన్‌ఏ, బీజకణాల ఆర్‌ఎన్‌ఏ కూడా ఆ చుక్కలోకి కారుతాయి. అందువల్ల పిండాన్ని సన్నటి గాజు గొట్టంతో కనీసం మూడు శుభ్రమైన చుక్కల గుండా మార్చండి. తర్వాత వీలైనంత తక్కువ ద్రవంతో నమూనా గొట్టంలోకి వదిలి, పిండం నిజంగా అందులో పడిందో లేదో, గాజు గొట్టం కొనకు అంటుకుని ఉండిపోయిందో సూక్ష్మదర్శినితో తప్పక చూసుకోండి. వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించండి. ప్రతి రోజూ చివరి చుక్క నుంచి పిండం లేని ద్రవాన్ని కూడా ఒక గొట్టంలో తీసి అన్ని దశల్లోనూ వెంట నడిపించండి. ఆ ఖాళీ గొట్టంలోనూ, నాలుగు కణాల పిండంలోనూ విట్-2 వంటి పచ్చసొన జన్యువుల ఆర్‌ఎన్‌ఏ గణనీయంగా కనిపిస్తే, అది పెద్ద పురుగు పేగు నుంచి వచ్చిన కల్మషమని అర్థం. ఆ జన్యువులు పనిచేసేది అక్కడే.

ఒక్కో దశకు, ఒక్కో జాతికి కనీసం ఐదారు పిండాలను తీసుకోండి. వాటిలో ఒకటి రెండు ఎలాగూ పాడవుతాయి.

ఐదో అడుగు: ఆర్‌ఎన్‌ఏ, లైబ్రరీ, సీక్వెన్సింగ్

గుడ్డు పెంకులో కైటిన్ ఉంటుంది కాబట్టి మామూలు ద్రావణంతో అది పగలదు. ఆర్‌ఎన్‌ఏను వెలికితీసే ట్రైజాల్ ద్రావణంలో గడ్డకట్టించి కరిగించడాన్ని పలుమార్లు చేయండి. రెండు జాతుల పెంకులూ ఒకే మేరకు పగిలాయో లేదో తెలుసుకోవడానికి, పగిలిన తర్వాత కలిపే కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ ప్రమాణాలు ఉపయోగపడతాయి.

లైబ్రరీకి, అంటే ఆర్‌ఎన్‌ఏను యంత్రం చదవగలిగే డీఎన్‌ఏ ముక్కలుగా మార్చడానికి, ప్రధానంగా రెండు దారులున్నాయి. స్మార్ట్-సెక్2 ఆర్‌ఎన్‌ఏ పొడవంతా చదువుతుంది. సెల్-సెక్2 మాత్రం 3 ప్రైమ్ చివరను (ఆర్‌ఎన్‌ఏ తోక వైపు కొసను) చదివి, ఒక్కో అణువుకు ఒక గుర్తు తగిలిస్తుంది కాబట్టి లెక్క మరింత నికరంగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. దీని తొలి రూపాన్ని 2012లో పరిచయం చేసినప్పుడు పరీక్షించిన నమూనాల్లో సి. ఎలిగాన్స్ తొలి పిండకణాలూ ఉన్నాయి. నేను రెండోదాన్నే వాడతాను, కానీ దానితో వచ్చే ఒక చిక్కును తర్వాతి అడుగులో చెబుతాను. ఏది వాడినా, ఒకే ప్లేటులో రెండు జాతుల నమూనాలనూ కలిపి, స్థానాలను చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా పంచండి. సోమవారం ఒక జాతి, మంగళవారం ఒక జాతి చేస్తే, ఆ తర్వాత వచ్చే తేడా జాతులదో రోజులదో ఏ గణితమూ విడదీయలేదు.

ఆరో అడుగు: జోడు కుదర్చండి

రెండు జాతుల ప్రోటీన్ క్రమాలను నెమటోడ్‌ల జన్యు సమాచార నిధి వార్మ్‌బేస్ నుంచి దింపుకుని, ఒక్కో జన్యువుకు అత్యంత పొడవైన రూపాన్ని మాత్రమే ఉంచి, ఆర్థోఫైండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో జతలు కట్టండి. దగ్గరి బంధువైన మూడో జాతిని, కొంచెం దూరపు నాలుగో జాతిని కూడా చేర్చితే జతలు మరింత నమ్మకంగా వస్తాయి. ఒకటికి ఒకటిగా జతపడిన జన్యువులతోనే ప్రధాన విశ్లేషణ చేయండి, కానీ మిగిలినవాటిని చెత్తబుట్టలో వేయకండి. తొలి పిండంలో పేగును నిర్ణయించే మెడ్ జన్యువులు సి. ఎలిగాన్స్‌లో రెండే ఉంటే, సి. బ్రిగ్సేలో అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఒకటికి ఒకటి అన్న జల్లెడలో ఇవి మొదటే రాలిపోతాయి. వేగంగా మారుతున్న జన్యువులే ఇలా రాలిపోవడం వల్ల, మిగిలినవాటిని చూసి "పిండాభివృద్ధి ఎంతో స్థిరం" అని నిర్ణయించడం తొందరపాటు. ఇటువంటి కుటుంబాలకు సభ్యులన్నిటి లెక్కలను కలిపి, కుటుంబం మొత్తంగా పోల్చి చూడండి.

ఇప్పుడు చిక్కు. సి. ఎలిగాన్స్ జన్యువుల సరిహద్దులను వందలాది ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి సరిదిద్దాయి, సి. బ్రిగ్సేకు ఆ భాగ్యం లేదు. దానిలో చాలా జన్యువుల 3 ప్రైమ్ చివరలు నమోదే కాలేదు, లేదా పొట్టిగా నమోదయ్యాయి. సెల్-సెక్2 రీడ్‌లు సరిగ్గా అక్కడే పడతాయి. నమోదు కాని చోట పడిన రీడ్ లెక్కలోకి రాదు, ఆ జన్యువు సి. బ్రిగ్సేలో నిశ్శబ్దంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతి జన్యువు చివరనూ కొన్ని వందల క్షారాలు పొడిగిస్తే సరిపోతుందని మొదట తోస్తుంది. కానీ సి. ఎలిగాన్స్ జన్యువుల్లో సుమారు 15 శాతం ఆపెరాన్‌లలో (వరుసగా ఉండి కలిసి ఒకే ఆర్‌ఎన్‌ఏగా నకలయ్యే జన్యువుల గుంపుల్లో) ఉన్నాయి, వాటిలో ఒక జన్యువు ముగిసిన చోటికీ తర్వాతిది మొదలయ్యే చోటికీ సుమారు 100 క్షారాల దూరమే ఉంటుంది. గుడ్డిగా పొడిగిస్తే పక్క జన్యువు రీడ్‌లు వీటి ఖాతాలో పడతాయి. అందువల్ల మీ సొంత రీడ్‌ల గుట్టలు ఎక్కడ ముగుస్తున్నాయో చూసి, రెండు జాతులకూ ఒకే నియమంతో చివరలను తిరిగి నిర్ణయించండి. సి. ఎలిగాన్స్‌కు కూడా అదే నియమం వర్తింపజేయండి. మంచి పటాన్ని పాడుచేస్తున్నామనిపించినా సరే, రెండు తూకాలకూ ఒకే రాయి ఉండాలి.

పొడవంతా చదివే పద్ధతి వాడినవారికి మరొక సంగతి. ఈ పురుగుల్లో చాలా ఆర్‌ఎన్‌ఏల ముందు భాగంలో, వేరే చోట తయారైన 22 క్షారాల ఎస్‌ఎల్1 లేదా ఎస్‌ఎల్2 ముక్క అతికి ఉంటుంది. జన్యుక్రమంలో ఆ జన్యువు పక్కన అది ఉండదు కాబట్టి, ఆ ముక్కను ముందే కత్తిరించాలి, లేదా రీడ్‌లను జన్యుక్రమంతో సరిపోల్చే స్టార్ వంటి సాఫ్ట్‌వేర్‌కు రీడ్ అంచులను వదిలేసే వెసులుబాటు ఇవ్వాలి; రెండూ చేయకపోతే ఆ రీడ్‌లు పోతాయి. మరోవైపు, అదే ముక్క జన్యువు ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు కూడా. పక్కపక్కనున్న రెండు జన్యువులను ఒకటిగా కలిపి నమోదు చేసిన చోట్లను దానితో పట్టుకోవచ్చు.

ఏడో అడుగు: పోల్చండి

రీడ్‌ల లెక్కలను జతపడిన జన్యువుల పట్టికగా మార్చాక, ముందు ఏ పరీక్షా చేయకుండా ఒక బొమ్మ గీయండి. ఒక అంచున సి. ఎలిగాన్స్ నమూనాలు వయసు వరుసలో, రెండో అంచున సి. బ్రిగ్సే నమూనాలు వయసు వరుసలో పెట్టి, ప్రతి గడిలో రెండు నమూనాల మధ్య సహసంబంధాన్ని రంగుగా చూపండి. ఈడు బాగా కుదిరితే మూల నుంచి మూలకు ఒక ముదురు చార కనిపిస్తుంది. ఆ చార ఒక పక్కకు వంగితే వయసుల జత తప్పిందని, మధ్యలో తెగితే ఆ దశ నమూనాలు పాడయ్యాయని, ఒక గడి ఒంటరిగా వెలిగితే గొట్టాలు తారుమారయ్యాయని అనుమానించండి.

తర్వాత రెండు ప్రశ్నలను విడదీయండి. ఒక జన్యువు రెండు జాతుల్లోనూ ఒకే కాలక్రమంలో వెలిగి ఆరుతుందా అన్నది ఒకటి. దాని మొత్తం మోతాదు ఒకటేనా అన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు ప్రతి జాతిలోనూ ఆ జన్యువును దాని సొంత సగటుతో పోల్చి, వయసు మీద నునుపైన వక్రరేఖ అమర్చి, జాతికీ కాలానికీ మధ్య పరస్పర ప్రభావాన్ని పరీక్షించండి. జన్యువు పొడవు, సరిహద్దుల తప్పులు వయసుతో మారవు కాబట్టి ఈ జవాబు గట్టిగా ఉంటుంది. రెండో ప్రశ్నకు ఆ తప్పులన్నీ నేరుగా తగులుతాయి. అందుకే నేను మోతాదు తేడాల జాబితాను ఎప్పుడూ సగం అనుమానంతోనే చదువుతాను. కాలక్రమం తేడాలను మాత్రం వెంటనే పరిశీలనకు తీసుకుంటాను. మొదటి ప్రశ్నలోనూ, పూర్తిగా ముందుకో వెనక్కో జరిగిన వక్రరేఖను, ఆకారమే మారిన వక్రరేఖను వేరువేరుగా లెక్కించండి.

నాలుగు కణాల దశలో కనిపించే తేడాలను ప్రత్యేకంగా చూడాలి. ఆ సమయానికి పిండంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏ దాదాపు అంతా తల్లి గుడ్డులో నింపి పెట్టినదే. పిండం సొంత జన్యువులు దేహకణాల్లో అప్పుడే మేల్కొంటాయి. కాబట్టి అక్కడి తేడా తల్లి అండాశయంలో వచ్చిన మార్పు కావచ్చు, లేదా తల్లి ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏ ఎంత వేగంగా కరుగుతుందన్న దానిలో వచ్చిన మార్పు కావచ్చు. దాన్ని పిండాభివృద్ధిలో మార్పు అని రాయకండి.

మధ్య దశలో తేడాలు తగ్గి, మొదట, చివర పెరిగే ఇసుక గడియారపు ఆకారం కోసం చాలామంది వెతుకుతారు. ఆ ఆకారం కనిపిస్తే, లాగరిథమ్ తీసుకున్న విలువలతో, తీసుకోని విలువలతో రెండుసార్లు గీయండి. కొన్ని కొలమానాల్లో అత్యధికంగా వ్యక్తమయ్యే కొద్ది జన్యువులే మొత్తం వక్రరేఖను లాగుతాయి. రెండింటిలోనూ నిలబడితేనే దాని గురించి రాయండి. ఐదారు జాతులకు విస్తరించినప్పుడు ఆ జాతులను స్వతంత్రమైన ఐదారు బిందువులుగా లెక్కించకూడదు. అక్కాచెల్లెళ్ల మధ్య పోలిక వంశవృక్షం నుంచి వచ్చినదే కాబట్టి ఆ వృక్షాన్ని గణితంలో చేర్చాలి.

ఎనిమిదో అడుగు: పిండంలోకి తిరిగి వెళ్లండి

మొత్తం పిండాన్ని నూరి కొలిచినప్పుడు, ఒక జన్యువు పేగులో తగ్గి కండరంలో పెరిగితే, లెక్క ఏమీ మారనట్టే ఉంటుంది. మీ జాబితాలో పైనున్న పదిపన్నెండు జన్యువులను ఎంచుకుని, ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువును చుక్కలా చూపే ఫ్లోరెసెన్స్ పద్ధతితో రెండు జాతుల పిండాల్లోనూ ఏ కణంలో వెలుగుతున్నాయో చూడండి. ఒక్కొక్క కణం స్థాయిలో సి. ఎలిగాన్స్ పిండపు అట్లాసు 2019లోనూ, ఈ రెండు జాతులను అదే స్థాయిలో పోల్చిన పరిశోధన 2025లోనూ సైన్స్ పత్రికలో వచ్చాయి. ఆ దత్తాంశంలో మీ జన్యువును ముందుగా వెతకడం చాలా శ్రమను ఆదా చేస్తుంది.

మార్పు జన్యువు పక్కనున్న నియంత్రణ భాగంలో వచ్చిందా, దాన్ని నియంత్రించే ప్రోటీన్‌లో వచ్చిందా అని తేల్చాలంటే, సి. బ్రిగ్సే నియంత్రణ భాగానికి జీఎఫ్‌పీని (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జన్యువును) తగిలించి సి. ఎలిగాన్స్‌లో పెట్టి చూడండి. అక్కడా సి. బ్రిగ్సే తీరులోనే వెలిగితే మార్పు ఆ భాగంలోనే ఉంది. సంకర పిండంలో రెండు ప్రతులనూ ఒకే కణంలో పోల్చడం ఇంకా మెరుగైన దారి; కానీ సి. ఎలిగాన్స్ ఏ ఇతర జాతితోనూ పనికొచ్చే సంకరాన్ని ఇవ్వదు. సి. బ్రిగ్సేకు దాని దగ్గరి బంధువైన సి. నిగోనితో ఆ వీలుంది.

ఆ జన్యువు పని రెండు జాతుల్లోనూ ఒకటేనా అని చూడాలంటే, సి. ఎలిగాన్స్‌కు అలవాటైన, రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను తిండి ద్వారా ఇచ్చి జన్యువును అణచివేసే ఆర్‌ఎన్‌ఏఐ పద్ధతి సి. బ్రిగ్సేలో పనిచేయదని గుర్తుంచుకోండి. ఏమీ జరగలేదని చూసి "ఈ జన్యువు ఇక్కడ అవసరం లేదు" అని రాసుకున్న నోటుపుస్తకాలు నేను చూశాను. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను నేరుగా పురుగులోకి ఇంజెక్ట్ చేయండి, లేదా తిండిలోని ఆర్‌ఎన్‌ఏను పేగులోకి తీసుకునే సి. ఎలిగాన్స్ సిడ్-2 జన్యువును చేర్చిన సి. బ్రిగ్సే వంశాన్ని వాడండి. ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. పాప్-1 జన్యువు రెండు జాతుల్లోనూ ఉంది, రెండు పిండాలూ ఒకే చోట ఒకే పేగును కడతాయి. అయినా దాన్ని అణచివేస్తే సి. ఎలిగాన్స్‌లో పేగుకు మూలమైన E కణానికి తోబుట్టువైన ఎంఎస్ (MS) కణం కూడా పేగుగా మారి పేగు పెరుగుతుంది, సి. బ్రిగ్సేలో పేగు కట్టవలసిన E కణమే ఎంఎస్ దారి పట్టి పేగు పోతుంది. వ్యక్తీకరణ పట్టిక ఒక్కటే చూసినవారికి ఈ తేడా ఎక్కడా కనిపించదు.